మూడో బాయి, ల్యాంపు రూం

కిటికీలోంచి ముందు చెయ్యి వస్తుంది,
తర్వాత బిళ్ళ,
ఆ తర్వాతే మనిషి.
ఆరువందల పద్నాలుగు. ఓదెలు మామ.
చార్జింగు మీంచి దీపం తీసిస్తే
బ్యాటరీ నడుముకు బిగించుకుంటూ అడుగుతడు:
"ఏం నడుస్తున్నదమ్మా ఇయ్యాల?"
కరెంటు గురించి కాదు, నవల గురించి.

మందమర్రిలో మే నెల.
రేకుల కింద కూర్చుని నేను
మంచు దేశపు పాత నవల చదువుతున్నాను.
అందులో ఒకామె మూడు వందల పేజీలుగా
ఉత్తరం కోసం కిటికీ అద్దం తుడుస్తోంది.
"చదువు మామా, సల్లగయితవు."
"వస్తదా మరి ఉత్తరం?"
"చెప్ప."

నాన్న ఉద్యోగం నాకొచ్చింది, నాన్న బిళ్ళ రాలేదు.
పుస్తకాలు మాత్రం నేనే తెచ్చుకున్నా.
పాడైన బ్యాటరీల చెక్కపెట్టెలో
పదిహేడు నవలలు, సగానికి అట్టల్లేవు,
ఒకదానికి చివరి పేజీ లేదు
(అది అడిగి మరీ తీసుకుపోయేవాళ్ళున్నారు).
ఎవరు తీసుకున్నా
దీపాల రిజిస్టర్ వెనక బిళ్ళ నంబరు రాస్తాను.
దిగినది ఏదైనా పైకి రావాలి కదా.

ఏది బాగుంటదని కొత్తోళ్ళు అడిగితే కథ చెప్పను.
పుస్తకాన్ని పక్కకు తిప్పి అంచు చూపిస్తాను.
తెల్లగా ఉన్నచోట ఎవ్వరూ ఆగలేదు.
నల్లగా ఉన్నచోట
బొగ్గు వేళ్ళు చాలాసేపు ఆగాయి.

మొగిలికి మాయలు మంత్రాలు గిట్టవు.
"పుట్టుడు, లగ్గం, భూమి పంచాది, సచ్చుడు,
గివి రాసినోడే రాసినోడు" అంటడు.
మూడు తరాల దొరల ఇంటి కథ ఇచ్చాను, ఇటుకంత లావు.
నూటపది దాకా పాలలాంటి అంచు.
"నూటపది పేజీలు ఓపిక పట్టు" అన్నాను.
"రెండు కిలోమీటర్లు నడిస్తే గని
బొగ్గు కనవడది మాకు. నూటపదెంత!"

ఓదెలు మామకు ఇచ్చింది వేరు.
భూమి కింద ఒక పట్నం,
అక్కడి రాజు మనుషుల నీడలు తిని బతుకుతాడు.
తమ్ముడి నీడ తెచ్చుకుందామని
లాంతరు పట్టుకుని ఒక పిల్ల దిగుతుంది.
మరునాడు కిటికీ దగ్గరే తగాదాకొచ్చాడు:
"చీకటి నీలంగున్నదని రాసిండమ్మా.
ఒక్కనాడు దిగలే వాడు."
"వాపసిస్తవా మరి?"
"ఆగు."
క్యాప్ సర్దుకున్నాడు, వెనక లైను గొణుగుతోంది.
"కప్పు కూలేముందు సన్నగ రాలుతది,
బియ్యం సంచికి చిల్లు వడ్డట్టు.
ఆ సప్పుడు రాసిండు.
అది ఎట్ల తెలిసె వానికి?"

నేను బదులు చెప్పలేదు.
నేనెప్పుడూ దిగలేదు.
ఇరవై తొమ్మిదేండ్లు దిగిన నాన్న
కింద ఎట్లుంటదో ఇంట్లో ఒక్క మాట అనలేదు.
అన్నం ముందు చేతులు కడుక్కుంటూ
ఒక్కోసారి నల్లా కట్టేసి
పైకప్పు వైపు చెవి పెట్టేవాడు, అంతే.
మేం నవ్వేవాళ్ళం.

ఆ పేజీ నేను చదివిందే. నా వేలు ఆగలేదక్కడ.

ఇయ్యాల తెల్లారి రాత్రి షిఫ్టు పైకొచ్చింది.
దీపాలు ఒక్కొక్కటే గూళ్ళలోకి చేరుతున్నాయి,
ఎర్ర చుక్కలు వెలుగుతున్నాయి.
ఆరువందల పద్నాలుగు:
దీపం వచ్చింది. పుస్తకం రాలేదు.
"ఏది మామా?"
నీళ్ళు పుక్కిలించి నల్లగా ఉమ్మి అన్నాడు:
"ఆ పిల్ల ఇంక కిందనే ఉన్నది బిడ్డా.
పైకొచ్చినంక తెచ్చిస్త."

గడి ఖాళీగా వదిలేశాను.
వెనకాల నిలబడ్డ మొగిలి,
మంత్రాలు గిట్టని మొగిలి,
బిళ్ళ చేతిలో తిప్పుకుంటూ మెల్లగా అడిగాడు:
"ఎంత లోతుల ఉన్నదట?"